అరకు రోడ్డులో ఫారెస్ట్ స్టే బుక్ చేసేవాళ్లు కాస్త ఆగండి

నిన్న రాత్రే వైజాగ్‌లో దిగాం, కోపం ఇంకా దిగలేదు. అనంతగిరి ఘాట్ ఎక్కాక కాఫీ తోటల మధ్య చెక్క గుడిసెలు, పొగమంచు, పక్కనే నిప్పుల మీద బొంగులో చికెన్... ఆ రీల్ ఈపాటికి మీ ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది. అదే. గైడుతో పక్షులు, బెట్టుడుతలు (అడవిలో ఉండే పెద్ద ఉడుతలు), గిరిజన భోజనం, అన్నీ కలిపి ప్యాకేజీ అన్నారు, డబ్బంతా ముందే కట్టించుకున్నారు.

రాత్రి ఒంటిగంట దాకా డీజే. ఆ మోతకి ధనేశం (హార్న్‌బిల్) కాదు కదా కాకి కూడా వాలదు. తెల్లారకుండానే స్వెట్టర్లు వేసుకుని గేటు దగ్గర నిలబడితే గైడ్ లేడు. "పక్షులు మా స్టాఫ్ కాదు కద్సార్, రమ్మంటే రావడానికి" అన్నాడు మేనేజర్, ఆవలిస్తూ.

సరే, అదీ మింగాం. మధ్యాహ్నం భోజనం ముందు నాన్న, బొంగు ఎలా కాలుస్తారో చూద్దామని ముచ్చటపడి వెనక్కి వెళ్లారు. అసలైతే పచ్చి వెదురులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి కాలుస్తారు, నూనె చుక్క పడదు, ముక్కల్లో నీరు, బొంగులో తడితోనే ఉడుకుతుంది. అక్కడేమో ఒక కుర్రాడు గిన్నెలోంచి గరిటెతో నూనె తేలే కూర తీసి, ఎన్నిసార్లు కాలిందో తెలియని ఎండు బొంగులో పోస్తున్నాడు! ఇదేంటి బాబూ అని నాన్న అడిగారు, అంతే. మేనేజర్ వచ్చి, "ముసలాయన్ని కిచెన్‌లోకి ఎవరు రమ్మన్నారు?" అని అందరి ముందూ అరిచాడు. నేను వెళ్లి అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఫోటోకి బొంగు, తినడానికి చికెన్, రెండూ ఇచ్చాంగా సార్, ఇంకేం కావాలి?"

నాన్న ఆ పూట పెరుగన్నం తిని లేచారు. బిల్లులో మాత్రం "బాంబూ ఛార్జ్" విడిగా వేశారు, మహానుభావులు. రీఫండ్ అడిగితే నంబర్ బ్లాక్.

వెళ్లేవాళ్లు డబ్బంతా ముందే కట్టకండి, గైడ్ నంబర్ తీసుకుని అతనితోనే మాట్లాడండి, రాత్రి పాటలు ఎన్నింటికి ఆపుతారో అడగండి. బొంగులో చికెన్ కావాలంటే రోడ్డు పక్కన మీ కళ్లముందే నింపి కాల్చేవాళ్ల దగ్గర తినండి. పక్షులకే అయితే మన వైజాగ్‌లోనే కంబాలకొండ అడవి ఉంది, జూ ఎదురుగానే. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి నేను పొద్దున్నే కంప్లయింట్ ఇచ్చా, అక్కడ దెబ్బ తిన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే మీరూ ఇవ్వండి.