గాలియమా, ఫ్లోరినా: పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌లో ఏ బొమ్మ తేట?

పర్లాకిమిడి నుంచి మా పెదనాన్నని పెట్ స్కాన్‌కి (రేడియోధార్మిక మందు ఎక్కించి, అది చేరినచోట్లని బొమ్మ తీసేది) విశాఖ తీసుకెళ్లాలన్నప్పుడు డాక్టరుగారు "గాలియమో ఫ్లోరినో, ఏది దొరికితే అది" అనేశారు. ఇవి ఆ మందులో కలిపే రెండు రేడియోధార్మిక పదార్థాలు. తీరా చదివితే తేడా చిన్నదేం కాదు.

రెండూ వెతికేది ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే పీఎస్‌ఎంఏ ప్రొటీన్‌నే. గాలియం-68 పాజిట్రాన్‌కి (అది వదిలే అతిచిన్న కణానికి) ఊపెక్కువ, పుట్టినచోట ఆగకుండా కాస్త దూరం పోయాకే సిగ్నల్ ఇస్తుంది కాబట్టి చిన్న గడ్డ అంచులు అలుక్కుపోయినట్టు వస్తాయి. ఫ్లోరిన్-18ది దగ్గర్లోనే ఆగుతుంది. పైగా గాలియం 68 నిమిషాలకే సగమైపోతుంది, ఫ్లోరిన్‌కి దాదాపు 110 నిమిషాలు పడుతుంది, అందుకే దాన్ని సైక్లోట్రాన్ (దాన్ని తయారుచేసే పెద్ద యంత్రం) ఉన్న ఊరి నుంచి బండిలో తెప్పించుకోవచ్చు. గాలియంకైతే ఆస్పత్రిలోనే చిన్న జనరేటర్ (కరెంటుది కాదు, గాలియం తీసే పరికరం) ఉంటే చాలు.

అసలు చిక్కు మూత్రాశయం. గాలియం మందు ఎక్కువగా మూత్రంలోనే బయటికి పోతుంది, పక్కనే ఉన్న ప్రోస్టేట్ ఆ వెలుగులో కలిసిపోతుంది. అందుకే లాసిక్స్ (మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు) ఇచ్చి, స్కాన్‌కి ముందు మూత్రం పోసి రమ్మంటారు (పెదనాన్న మొహమాటపడి సరిగ్గా వెళ్లలేదు, అది వేరే కథ). ఫ్లోరిన్ రకాల్లో పీఎస్‌ఎంఏ-1007 ఎక్కువగా కాలేయం మీదుగా పోతుంది కాబట్టి అక్కడ తేటగా కనిపిస్తుంది.

కానీ అదే 1007 ఎముకల్లో ఉత్తినే మెరిసి క్యాన్సరేమో అన్న టెన్షన్ పెడుతుంది. సర్జరీ తర్వాత పీఎస్‌ఏ (రక్తపరీక్షలో చూసే ప్రోస్టేట్ ప్రొటీన్) కొంచెం పెరిగి, అక్కడే మళ్లీ వచ్చిందేమో అన్న అనుమానమైతే నేను ఫ్లోరినే అడుగుతాను. ఎముకల గురించే ప్రశ్నయితే గాలియం.