తెరుచుకోవడానికి ఒక సెకను తీసుకునే పెట్టె

మా ఆఫీసులో పాస్‌వర్డ్‌ల పుస్తకం ఒకటి ఉండేది. ఎర్ర అట్ట లాంగ్ నోట్‌బుక్. తెనాలిలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. క్లయింట్ల జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్, టీడీఎస్, పీఎఫ్ లాగిన్‌లన్నీ అందులోనే ఉండేవి. కొట్టివేతలు, బాణం గుర్తులు, "ఇది కాదు, వెనక పేజీ చూడు" అని నా చేతిరాత. పోయిన వేసవిలో ఫైలు తగిలి టీ గ్లాసు దాని మీద ఒరిగింది. కె నుంచి ఎమ్ దాకా పేజీలన్నీ అలుక్కుపోయాయి. ఆ రాత్రే ఇంటికెళ్లి కీపాస్‌ఎక్స్‌సీ అనే, పాస్‌వర్డ్‌లు దాచే సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. ఎనిమిది నెలలు వాడాక రాస్తున్నాను. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద చెప్తాను.

ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఖాతా తెరవమనదు, మెయిల్ ఐడీ అడగదు. పాస్‌వర్డ్‌లన్నీ ఒకే ఫైల్లో పెట్టి తాళం వేస్తుంది. ఫైలు మన కంప్యూటర్లోనే ఉంటుంది. తెరవడానికి ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్ చాలు.

"అన్నీ ఒకే చోట పెడితే, దొంగకి పని తగ్గించినట్టు కాదటమ్మా?" అన్నారు మా సార్. ఆయన ఇన్‌కమ్ ట్యాక్స్ సెక్షన్లు తప్ప దేన్నీ తేలిగ్గా నమ్మరు.

ఫైలుకి వేసేది ఏఈఎస్-256 తాళం. దాని తాళంచెవి 256 బిట్ల పొడవు, మనిషికి గుర్తుండేది కాదు. మనం కొట్టే నాలుగు మాటల్లోంచే ఆ చెవి తయారు కావాలి. దొంగ కూడా అంత పొడుగు చెవి జోలికి పోడు, మన మాటల్నే ఊహించి చూస్తాడు. అందుకని ఆ చెవి తయారీనే కావాలని నిదానం చేశారు. పాత పద్ధతి పేరు పీబీకేడీఎఫ్2. ఒకే లెక్కని మళ్లీ మళ్లీ తిప్పడమే దాని పని. 2000లో దాని ప్రమాణపత్రం రాసినప్పుడు కనీసం వెయ్యి సార్లు తిప్పమన్నారు. ఇప్పుడు వెబ్ భద్రతకి సూచనలిచ్చే ఓవాస్ప్ సంస్థ వాళ్లు చెప్పే అంకె 6,00,000. దొంగలు ఊహల్ని సరిచూసుకోవడానికి వాడే, గేములు ఆడే గ్రాఫిక్స్ కార్డులు అంత వేగం పెరిగాయి మరి.

కీపాస్‌ఎక్స్‌సీ కొత్త ఫైళ్లకి వాడేది ఆర్గాన్2. లక్సెంబర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేశారు, 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచింది. సార్‌కి దీన్ని పెళ్లి వంటతో చెప్పాను. దొంగ దగ్గర వెయ్యి పొయ్యిలు ఉన్నాయనుకోండి. పాత పద్ధతిలో ఒక్కో ఊహ చిన్న గిన్నెలో ఉడికిపోతుంది కాబట్టి వెయ్యీ ఒకేసారి వెలిగించేస్తాడు. ఆర్గాన్2 మాత్రం ప్రతి ఊహకీ ఒక పెద్ద గుండిగ పెట్టమంటుంది. ఒక్కో ఊహకి 64 ఎంబీ మెమొరీ అంటే, వెయ్యి ఊహలకి 64 జీబీ. పొయ్యిలున్నా గుండిగలు పెట్టే చోటు ఉండదు. దీనికి తోడు ప్రతి ఫైలుకీ వేరే ఉప్పు, అంటే సాల్ట్, కలుపుతుంది. ఒకరి ఫైలు కోసం ముందే వండి పెట్టుకున్నది ఇంకొకరి ఫైలుకి పనికిరాదు.

సెట్టింగుల్లో ఒక జారుడు మీట ఉంది. ఫైలు తెరవడానికి ఎంతసేపు పట్టాలో అందులో మీరే చెప్పచ్చు, పదో వంతు సెకను నుంచి ఐదు సెకన్ల దాకా. మొదట్లో ఒక సెకను దగ్గర ఉంటుంది. నాకు రోజుకి పది సెకన్లు పోతే పోయాయి, దొంగకి ప్రతి ఊహకీ సెకను పోతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చింది ఆ ఒక్క సెకనే.

అయితే మాస్టర్ పాస్‌వర్డ్ తేలికైతే ఆ సెకను కూడా కాపాడదు. ఈ-ఆధార్ పీడీఎఫ్ సంగతే చూడండి. దాని పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, ఆపైన పుట్టిన సంవత్సరం. పేరు తెలిసినవాడు ప్రయత్నించాల్సింది వంద సంవత్సరాలే. సెకనుకొకటి చొప్పున చూసినా రెండు నిమిషాలు పట్టదు. అందుకే ఇందులో ఉన్న జనరేటర్‌తో ఆరు ఇంగ్లీషు మాటలు తీయించాను. 7,776 మాటల జాబితాలోంచి తనే తీస్తుంది, మన ఇష్టం ఉండదు. ఒకదానికొకటి పొంతన లేని ఆ ఆరు మాటల్ని కలిపి ఒక పిచ్చి కథ అల్లుకున్నాను. నాలుగు రోజుల్లో నోటికొచ్చేసింది. మర్చిపోతే రీసెట్ లేదు, ఫోన్ చెయ్యడానికి కస్టమర్ కేరూ లేదు. కాగితం మీద రాసి కవర్లో పెట్టి, లక్క వేసి సార్ బ్యాంకు లాకర్లో పెట్టించాను.

పుస్తకం చూసి ఎక్కించడానికి మూడు ఆదివారాలు పట్టింది. తర్వాత బలహీనమైన పాస్‌వర్డ్‌లు చూపించే హెల్త్ చెక్ నొక్కితే తలెత్తుకోలేకపోయాను. ఒకే పాస్‌వర్డ్ పద్నాలుగు చోట్ల. క్లయింటు పేరు, పక్కన ఒకటి రెండు మూడు. అన్నీ నేను పెట్టినవే. ఆ మధ్య ఒక వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కితే, పాత పాస్‌వర్డ్‌నే ఉన్నదున్నట్టు మెయిల్‌కి పంపింది! సరిగా దాచేవాళ్లకి మన పాస్‌వర్డ్ తెలియకూడదు. ఉప్పు కలిపి రుబ్బిన ముద్ద మాత్రమే వాళ్ల దగ్గర ఉండాలి, వెనక్కి తిప్పి గింజలు చేయలేనిది. 2009లో రాక్‌యూ అనే కంపెనీ ఇలాగే ఉన్నవి ఉన్నట్టు దాచుకుంటే 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. ఊహలు కట్టేవాళ్లు చాలామంది ఈనాటికీ ఆ జాబితాతోనే మొదలుపెడతారు. అలాంటి చోట పెట్టిన పాస్‌వర్డే ఇంకో పదమూడు చోట్లా ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక ఆ కోసిన మార్కు. దీనికి సొంత ఫోన్ యాప్ లేదు. అదే ఫైలుని తెరిచే వేరేవాళ్ల యాప్‌లున్నాయి, ఫైలు అటూ ఇటూ మోసుకెళ్లే పని మాత్రం మనదే. నేను కంప్యూటర్లో ఒకటి మార్చి, సార్ ఫోన్‌లో ఇంకొకటి మారిస్తే రెండు ఫైళ్లవుతాయి. మెర్జ్ అని మెనూలో ఉంది, బాగానే కలుపుతుంది, కానీ గుర్తుపెట్టుకుని నొక్కాలి.

ఒకసారి నా అతితెలివి కూడా కొంప ముంచింది. భద్రత పెరుగుతుంది కదా అని ఆర్గాన్2 మెమొరీ 64 ఎంబీ నుంచి ఒక జీబీకి పెంచాను. ఆఫీసు కంప్యూటర్లో బాగానే తెరుచుకుంది. 20వ తేదీ సాయంత్రం, జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుకి ఆఖరి రోజు, సార్ ఒక రైస్ మిల్లులో కూర్చుని తన పాత ఫోన్‌లో ఫైలు తెరవబోతే యాప్ మూసుకుపోతోంది. మళ్లీ తెరుస్తారు, మళ్లీ మూసుకుపోతుంది. నాకు ఫోన్ చేశారు. "పెద్ద కె, చిన్న ఎక్స్, ఏడు, డాలర్ గుర్తు..." అని జీఎస్టీ పాస్‌వర్డ్ పదిహేను అక్షరాలూ చదివాను. మూడుసార్లు. మిల్లులో మోటారు శబ్దం, చిన్న ఎమ్‌కీ చిన్న ఎన్‌కీ తేడా వినపడదు. "మామిడికాయ ఎమ్ సార్, నారింజ ఎన్" అంటే అప్పుడు పడింది. రిటర్ను ఫైలు చేశాక ఆయన ఏమన్నారో ఇక్కడ రాయను.

మర్నాడు మెమొరీ మళ్లీ 64కి దించాను. ఇంకా పంతొమ్మిది మంది క్లయింట్ల పాస్‌వర్డ్‌లు మార్చాలి. ఎర్ర పుస్తకం సగం చించేశాం, మిగతా సగం ఆ పంతొమ్మిది మందిదీ బీరువాలో ఉంది. తాళం చెవి సార్ దగ్గర.