పిల్లలతో మంచు మీద జారడానికి ఏ స్లెడ్ మేలు?

మనకు పొగమంచూ మంచే, తెల్లారగట్ల గడ్డి మీద మెరిసేదీ మంచే, హిమాలయాల మీదిదీ మంచే. మిన్నెసోటాలోనో, మిషిగన్‌లోనో, టొరంటోలోనో కాపురం పెట్టిన తెలుగువాళ్లు మాత్రం స్నో వేరు, ఐస్ వేరు అని విడదీసి మాట్లాడతారు. మంచు మీద కూర్చుని జారే చక్రాల్లేని బండి, అదే స్లెడ్, కొనేటప్పుడు ఆ తేడా ఇంకొంచెం లోతుగా తెలియాలి. రాత్రి పడిన అరడుగు మెత్తటి స్నో మీద పోయే స్లెడ్ ఒకటి, పదిమంది జారి నున్నగా గట్టిపడిన బాట మీద పోయేది ఇంకొకటి. సంక్రాంతి వెళ్లిన వారంలోపే, జనవరి మూడో సోమవారం, మార్టిన్ లూథర్ కింగ్ సెలవు వస్తుంది. ఆ వారాంతంలో పిల్లల గోల భరించలేక దుకాణానికి పరుగెత్తి, చేతికందిన రంగుది కొనుక్కొచ్చే ఇళ్లు చాలా ఉంటాయి. ఐదు నిమిషాలు ఆలోచించి కొంటే డబ్బూ మిగులుతుంది, పళ్లూ మిగులుతాయి.

ముందు ఒక్క విషయం పట్టుకోండి. బడిలో జారుడుబండకు రెండు పక్కలా గట్లు ఉంటాయి. బిడ్డ ఎలా కూర్చున్నా అది తిన్నగానే కిందికి తెస్తుంది. పార్కులో కొండకు ఆ గట్లు లేవు. కాబట్టి గట్టు కొండకైనా ఉండాలి, మళ్లించి ఆపుకునే వీలు స్లెడ్‌కైనా ఉండాలి. ఈ రెండూ లేనిచోట పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. కింద చెప్పే తీర్పులన్నీ ఇందులోంచి వచ్చినవే.

ఇంటికి ఒక్కటే కొనాలంటే పొడవాటి ప్లాస్టిక్ టొబాగన్ కొనండి. నాలుగడుగులది ఒక పెద్ద, ఒక చిన్న కూర్చోవడానికి చాలు. ఐదున్నర అడుగులది ముగ్గురికి సరిపోతుంది కానీ కారు డిక్కీలో పట్టదు, సీటు మడవాల్సి వస్తుంది. అడుగుభాగం వెడల్పుగా ఉండడంతో మెత్తటి స్నోలో కూరుకుపోకుండా పైన తేలుతుంది. ముందు భాగం పైకి వంగి ఉండడంతో స్నోను తవ్వుకోకుండా ఎక్కి పోతుంది. తిరగేసి చూడండి: పొడవునా రెండు మూడు గాడులు ఉండాలి. స్లెడ్ అడ్డం తిరగకుండా పట్టి ఉంచేవి అవే. అడుగు నున్నగా ఉన్న చవక రకం సగం కొండ దిగేసరికి పక్కకు తిరిగిపోతుంది. ప్లాస్టిక్ మందం కూడా పట్టి చూడాలి. అంచును రెండు చేతులతో వంచితే కొంచెం వంగి తిరిగి రావాలి. గాజులా బిరుసుగా ఉంటే చలికి మరింత పెళుసై, మొదటి గతుకుకే పగులుతుంది. పగిలిన అంచు కత్తిలా కోస్తుంది, టేపు వేసి వాడొద్దు. చాపలా చుట్టుకునే పల్చటి ప్లాస్టిక్ షీట్లు తేలిగ్గా ఉంటాయి గానీ కిందున్న ప్రతి రాయీ నడుముకు తగులుతుంది.

దీన్ని నడపడం పది నిమిషాల్లో వస్తుంది. పెద్దవాళ్లు వెనక, బిడ్డ ముందు, వాళ్ల కాళ్ల మధ్య. బిడ్డ కాళ్లు రెండూ స్లెడ్ లోపలే ఉండాలి. బయటికి పెట్టిన చిన్న కాలు స్నోలో దిగబడితే, వెనకున్న పెద్దవాళ్ల బరువంతా దాని మీద పడి మెలితిరుగుతుంది. ఈ ఆటలో కాళ్లు విరిగే దారుల్లో ఇదొకటి. నడపడానికీ ఆపడానికీ వెనకవాళ్ల మడమలే ఆధారం. కుడి మడమ స్నోలో రాస్తే స్లెడ్ కుడికి మళ్లుతుంది, రెండూ నొక్కితే నెమ్మదిస్తుంది. అప్పుడు లేచే స్నో పొడి అంతా ముందున్న బిడ్డ ముఖం మీదే పడుతుంది. కళ్లు మూసుకుని ఏడ్చేది అందుకే, భయపడి కాదు. స్కీ గాగుల్స్ పెడితే ఆ ఏడుపు ఉండదు. లాగే తాడును జారే ముందు లోపలికి మడిచి తొడ కింద పెట్టుకోండి. తాడు స్లెడ్ కిందికి పోయిందంటే ముందు భాగం గబుక్కున ఆగి, కూర్చున్నవాళ్లు ముందుకు పడతారు.

గుండ్రటి పళ్లెంలాంటి సాసర్ పిల్లలకు చూడగానే నచ్చుతుంది. రెండడుగుల పైచిలుకు వెడల్పు, తేలిక, ఐదేళ్లవాడు కూడా తనే కొండెక్కించుకోగలడు. లాభం అంతటితో సరి. గాడులు లేవు, ముందూ వెనకా లేవు, బొంగరంలా తిరుగుతుంది. సగం దూరం వీపు ముందుకు పెట్టి పోతారు, ఎటు పోతున్నారో కనబడదు. కాలు పెట్టి ఆపాలని చూస్తే ఇంకా వేగంగా తిరుగుతుంది. గట్టూ లేదు, మళ్లించే వీలూ లేదు. అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ కూడా సాసర్లు, ట్యూబులకన్నా మళ్లించగలిగే స్లెడ్లే వాడమంటుంది. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు, చెట్టూ స్తంభమూ లేని చిన్న వాలు మీద అయితే సరే.

గాలి ట్యూబు సంగతి కొంచెం పెద్దది, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మెత్తగా ఉంది కాబట్టి దెబ్బ తగలదు అనుకుంటారు. నిజానికి ఆ మెత్తదనమే గతుకు దగ్గర బంతిలా ఎగరేస్తుంది. ఎగిరాక కూర్చున్నవాళ్లు ఒకచోట, ట్యూబు ఒకచోట. నడుము ట్యూబులో కూరుకుని కాళ్లు గాల్లో ఉంటాయి కాబట్టి మడమ ఆనదు, ఆపే మార్గం లేదు. లారీ టైరు లోపలి ట్యూబు తెస్తే గాలికొట్టే లోహపు వాల్వు తొడకు గీరుకుంటుంది. పైగా వెచ్చటి ఇంట్లో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర బిగువుగా కొట్టిన ట్యూబు, బయట మైనస్ 10కి వెళ్లేసరికి లోపలి గాలి దాదాపు పదో వంతు కుంచించుకుపోతుంది. కన్నం పడిందని కంగారుపడి అక్కడే బిగువుగా కొట్టేస్తారు. ఇంటికొచ్చి హీటర్ పక్కన పెట్టాక అది ఉబ్బి అతుకు దగ్గర విడిపోతుంది. బయట గాలి కొడితే, లోపలికి తెచ్చే ముందు కొంచెం వదలాలి.

అదే ట్యూబు, టికెట్ పెట్టి వెళ్లే ట్యూబింగ్ పార్కులో అన్నిటికన్నా మంచి ఆట. అక్కడ ప్రతి లేనుకూ రెండు పక్కలా నడుమెత్తు స్నో గట్లు కట్టి ఉంటాయి. చివర ఎదురు వాలో, వేగాన్ని పట్టుకునే రబ్బరు మ్యాట్లో ఉంటాయి. ముందువాళ్లు పక్కకు తప్పుకున్నాక గానీ పైనున్న మనిషి తర్వాతివాళ్లను వదలడు. పైకి చేర్చడానికి చాలాచోట్ల కదిలే బెల్టు ఉంటుంది. అడుగులోతు స్నోలో ఇరవైసార్లు కొండెక్కడం మోకాళ్ల మీద ఎంత భారమో ఎక్కినవాళ్లకు తెలుసు. ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలు కూడా ఒకసారి జారి చూడాలని ముచ్చటపడితే ఇదే చోటు, అదీ నడుమునొప్పి, ఎముకల బలహీనత లేకపోతేనే. ఇబ్బందులూ ఉన్నాయి. తలకు ఇంతని రుసుము, గంటన్నరో రెండు గంటలో సమయం, వారాంతంలో ముందే బుక్ చేసుకోవాలి. ముఖ్యంగా ఎత్తు నిబంధన చాలాచోట్ల ఉంటుంది, పార్కుకో లెక్క. మూడేళ్ల బిడ్డను లైను చివరిదాకా నిలబెట్టి వెనక్కి పంపితే ఆ రోజంతా పాడవుతుంది. టికెట్ కొనకముందే బిడ్డ ఎత్తు కొలిచి, పార్కు నియమాలు చదవండి.

ఇనుప పట్టాల చెక్క స్లెడ్ తాతలనాటిది. ఫిలడెల్ఫియా ప్రాంతంలో వ్యవసాయ పనిముట్లు తయారుచేసే శామ్యూల్ లీడ్స్ ఆలెన్ 1889లో ఫ్లెక్సిబుల్ ఫ్లయర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అడ్డకర్రను కుడికాలితో తోస్తే పట్టాలే వంగి, స్లెడ్ ఎడమకు తిరుగుతుంది. మళ్లించడంలో దీనికి సాటి లేదు. అయితే సన్నటి పట్టా మీద బరువంతా పడుతుంది కాబట్టి కొత్త స్నోలో కత్తిలా దిగిపోయి అక్కడే ఆగుతుంది. గట్టిపడిన బాట మీద మాత్రం మిగతావాటిని దాటేస్తుంది, ఆ వేగంలో ఇనుము ఎదుటివాళ్ల కాలికి తగిలితే ఎముకే. జనం నిండిన కొండకు వద్దు. పదేళ్లు దాటిన బిడ్డకు, ఖాళీ కొండ మీద, కూర్చుని కాళ్లతో నడిపేలా అయితే ఇవ్వండి. పడుకుని తల ముందుకు పెట్టి పోనివ్వకండి. గ్యారేజీ సేల్‌లో దొరికితే పట్టాల తుప్పును గరుకు కాగితంతో రుద్ది, మైనం పట్టించాలి. పట్టా వెనక కొస మొనదేలి ఉంటే కొనొద్దు, లోపలికి చుట్టుకుని మూసుకుపోయి ఉండాలి.

ఫోమ్ బోర్డులు తేలిక, మెత్తన, చవక. వాటి ఆకారమే బోర్లా పడుకోమంటుంది, అదే వాటి దోషం. ముందుకు వంగిన పెద్ద చెక్క టొబాగన్ కెనడా మూలవాసులు సామాను లాగడానికి చేసుకున్నది. ఇంటికి కొనేదానికన్నా కెబెక్ నగరంలో డఫరిన్ టెర్రస్ మీద, 1884 నాటి జారుడుబాటలో ఎక్కి చూడాల్సింది. అక్కడ బాటకు గట్లున్నాయి. ఏడాది, రెండేళ్ల పిల్లలకు వీపు ఆనేలా, బెల్టు ఉన్న లాగుడు స్లెడ్ విడిగా దొరుకుతుంది. అది చదును నేల మీద తిప్పడానికే, కొండ మీది నుంచి వదలడానికి కాదు.

ఏది కొన్నా ఆ రోజు స్నోను బట్టే నడుస్తుంది. గుప్పెడు తీసి పిసకండి. పొడిపొడిగా రాలిపోతే కొత్త స్నో. టొబాగన్ తీసుకుని, మొదటి నాలుగైదుసార్లు పెద్దవాళ్లే ఒకే దారిలో జారి బాట గట్టిచేయాలి, ఆ తర్వాతే వేగం వస్తుంది. ఉండ కట్టి చేయి తడిస్తే సున్నా డిగ్రీల దగ్గరున్న తడి స్నో, అది ప్లాస్టిక్ అడుగుకు జిగురులా పడుతుంది. ఇంట్లో కొవ్వొత్తి ఉంటే అడుగంతా రుద్ది, గుడ్డతో నునుపు చేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. మైనస్ 15 సెల్సియస్ దాటి చలి ముదిరేకొద్దీ ఏ స్లెడ్ అయినా ఇసుకలో పోయినట్టు నెమ్మదిస్తుంది. స్లెడ్ జారేది రాపిడి వేడికి ఏర్పడే పల్చటి నీటిపొర మీద, అంత చలిలో ఆ పొర సరిగా ఏర్పడదు. చేతికి గాజులా గట్టిగా తగిలి, బూటు గుర్తు కూడా పడకపోతే అది ఐస్. ఆ రోజు ఇంటికి రండి.

కొండ ఎంచుకునేటప్పుడు పైభాగం కాదు, కింది భాగం చూడండి. వాలు ఎంత పొడవుందో కింద చదును కూడా కనీసం అంత ఉండాలి. దాని చివర రోడ్డు, పార్కింగు, కంచె, చెట్లు, చెరువు ఏదీ ఉండకూడదు. పైన తెల్లగా పరుచుకుని ఉన్నా కింద చెరువు ఉండొచ్చు, వేసవిలో చూసిన కొండయితే ఆ భయం ఉండదు. జారే దారి మధ్యలోంచి పైకి ఎక్కకండి, పక్క అంచునే ఎక్కాలి. ముందువాళ్లు లేచి తప్పుకునేదాకా ఆగాలి. స్లెడ్ మాట వినకపోతే ఏం చేయాలో చదును నేల మీదే పిల్లలకు నేర్పండి: స్లెడ్ వదిలేసి పక్కకు దొర్లిపోవాలి. పోయేది ముప్పై డాలర్ల ప్లాస్టిక్.

తలకు స్కీ హెల్మెట్ మేలు, లేకపోతే సైకిల్ హెల్మెట్. ఊరి నుంచి అమ్మమ్మ పంపిన మందపాటి ఉన్ని మంకీ క్యాప్ పెట్టి దాని మీద హెల్మెట్ తొడిగితే వదులై పక్కకు జారుతుంది. లోపల తలా మెడా కప్పే పల్చటి బాలక్లావా వేసి, మంకీ క్యాప్ కారులోకి వచ్చాక పెట్టండి. మఫ్లరు వద్దు, స్లెడ్ కింద చిక్కితే మెడకు బిగుస్తుంది. తల మీది నుంచి తొడిగే గొట్టంలాంటి నెక్ గేటర్ చాలు. ఒంటికి ఆనే బట్ట నూలుది కాకూడదు. చెమటకు తడిసిన నూలు ఆరదు, ఒంటి వేడి లాగేస్తుంది. పాలియెస్టరో, ఉన్నో వేయాలి. చేతికి వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజుల కన్నా నాలుగు వేళ్లూ కలిసుండే మిట్టెన్లు వెచ్చన, రెండో జత జేబులో ఉండాలి. సున్నా ఫారన్‌హీట్ చలికి గంటకు 15 మైళ్ల గాలి తోడైతే అది మైనస్ 19 ఫారన్‌హీట్‌తో సమానం, తెరిచి ఉన్న చర్మం అరగంటలో గడ్డకడుతుంది. ఫోన్లో డిగ్రీలొకటే కాదు, గాలిని కలిపి చెప్పే ఈ లెక్క, విండ్ చిల్ కూడా చూసి బయల్దేరండి. వేళ్లు తెల్లబడి మొద్దుబారితే రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. గోరువెచ్చటి నీళ్లలో ఉంచాలి. రంగూ స్పర్శా తిరిగి రాకపోతే డాక్టరు దగ్గరికి.

పెద్దవాళ్లు చూస్తూ నిలబడాల్సింది కొండ పైన పక్కగా, కింద స్లెడ్లు ఆగేచోట కాదు. ఫోటో కోసం కింద ఎదురుగా నిలబడితే స్లెడ్ నేరుగా మోకాళ్లకే వస్తుంది. వాళ్ల బూట్లకు తగిలించే ముళ్ల పట్టీలు, ఐస్ క్లీట్లు, టొబాగన్‌తో పాటే కొనండి, జారి తుంటి విరగడానికి కొండే అక్కర్లేదు, పార్కింగులో నాలుగడుగుల ఐస్ చాలు.

తిరిగి వచ్చేటప్పుడు, కారు ఎక్కించే ముందే పిల్లల స్నో కోటు విప్పండి. ఉబ్బిన కోటు మీద కారు సీటు బెల్టు బిగించినట్టే కనబడుతుంది, గుద్దుకున్నప్పుడు కోటు నలిగి బెల్టు వదులైపోతుంది. పల్చటి బట్టల మీద బెల్టు బిగించి, విప్పిన కోటునే తిరగేసి దుప్పటిలా పైన కప్పండి.