ఎస్‌సీఆర్‌టీ: మెయిన్‌ఫ్రేమ్ లైసెన్సు బిల్లును తేల్చే సాధనంపై సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలోని ఇంటి నుంచి మెయిన్‌ఫ్రేమ్‌ల, అంటే బ్యాంకుల వంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్ల, కెపాసిటీ లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఐబీఎం ఉచితంగా ఇచ్చే సబ్ కెపాసిటీ రిపోర్టింగ్ టూల్, అంటే మేమంతా ఎస్‌సీఆర్‌టీ అని పిలిచే సాధనం, నా పనికి ఆధారం.

మన ఊరి మిర్చి కోల్డ్ స్టోరేజీల వారికి దీని లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. హెచ్‌టీ కనెక్షన్‌కు వాడిన యూనిట్లతో పాటు నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్ మీద కూడా ఛార్జీ పడుతుంది కదా. సబ్ కెపాసిటీ లైసెన్సులో, అంటే యంత్రం పూర్తి సామర్థ్యానికి సాఫ్ట్‌వేర్ రుసుము కట్టనక్కర్లేని పద్ధతిలో, అయితే నెల మొత్తం వాడకంతో నిమిత్తం లేదు. నాలుగు గంటల చలన సగటు (గడచిన నాలుగు గంటల వాడకపు సగటు) ఏ గంటలో అత్యధికంగా ఉందో, ఆ గంట ఎంఎస్‌యూలే (ప్రాసెసర్ సామర్థ్యాన్ని కొలిచే యూనిట్లు) బిల్లును నిర్ణయిస్తాయి.

సిస్టమ్ తన వాడకాన్ని నమోదు చేసే ఎస్‌ఎంఎఫ్ 70, 89 రకం రికార్డులను చదివి ఈ సాధనం ఇచ్చే నివేదికలో చాలామంది చివరి అంకె మాత్రమే చూస్తారు. అసలు విలువ ఏ సాఫ్ట్‌వేర్ ఏ ఎల్‌పార్‌లో (ఒకే యంత్రాన్ని విభజించి చేసిన భాగాల్లో ఒకటి) నడిచిందో చూపే పట్టికలో ఉంది. ఉదాహరణకు లావాదేవీలు నడిపే ఐబీఎం సాఫ్ట్‌వేర్ సీఐసీఎస్ తాను ఎంత ప్రాసెసర్ వాడుకుందన్నది లెక్కలోకి రాదు, అది ఉన్న ఎల్‌పార్ మొత్తం వాడకం దాని ఖాతాలో పడుతుంది. ఒకే గంటలో ఒక ఎల్‌పార్ 420, మరొకటి 60 ఎంఎస్‌యూలు చూపితే, రెండింటిలోనూ ఉన్న సీఐసీఎస్‌కు 480 లెక్కిస్తారు; రెండోదాంట్లో ఎవరూ వాడని సీఐసీఎస్‌ను తీసేస్తే 420 చాలు. ఒక్క ప్రోగ్రామును కూడా మార్చకుండా దొరికే ఇలాంటి ఆదాను వెతకడానికి నేను గంటలు వెచ్చిస్తాను, అది సమయం వృథా అని ఎన్నడూ అనిపించలేదు.

రికార్డులను భద్రంగా దాచుకోవడం మాత్రం మన బాధ్యతే. కనీసం 95 శాతం డేటా ఉండాలి. 30 రోజుల నెలలో ఒక రోజు రికార్డులు పోయినా గట్టెక్కవచ్చు గానీ, రెండు రోజులవి పోతే 93 శాతానికి పడిపోతాం. గతంలో నేను పనిచేసిన చోట సరిగ్గా అదే జరిగి, వివరణలు రాసుకోవలసి వచ్చింది.

దీనికున్న పెద్ద పరిమితి, ఇది జరిగిపోయిన వాడకాన్ని చెబుతుందే తప్ప అదుపు చేయదు. అదుపుకు డిఫైన్డ్ కెపాసిటీ, అంటే ఎల్‌పార్ వాడకానికి ఒక హద్దు, పెట్టుకోవాలి. సగటు ఆ హద్దు దాటినప్పుడు ఆ ఎల్‌పార్‌కు కళ్లెం పడుతుంది, బిల్లు లెక్కలో కూడా హద్దునే తీసుకుంటారు. అయితే పరిమితి పడిన వేళ నెలాఖరు వడ్డీ లెక్కల బ్యాచ్ ఆలస్యమవుతుంది కనుక, వ్యాపార విభాగం వారిని అడగకుండా ఆ అంకెను తగ్గించడం తప్పని నా నిశ్చితాభిప్రాయం.

నివేదిక కాలం 2వ తేదీ నుంచి మరుసటి నెల 1వ తేదీ వరకు, సమర్పించే గడువు 9వ తేదీ. అప్పటిదాకా ఆగితే ఆ నెల శిఖరాన్ని దించే అవకాశం మిగలదు కాబట్టి, నేను దీన్ని ప్రతి సోమవారం నడిపి, పెరుగుతున్న గంటలను బ్యాచ్ షెడ్యూల్ చూసేవారికి ఆ రోజే పంపిస్తున్నాను.