మందార మొక్కలకు వేపనూనె: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పిండినల్లి (దూదిలా తెల్లగా అంటుకునే పురుగు) పట్టిన మందారకు వేపనూనె పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది. అయితే కొట్టిన మర్నాటికే పురుగులన్నీ రాలిపోవాలనుకునేవారికి ఇది నచ్చదు. ఇందులో పురుగు మీద పనిచేసే పదార్థమైన అజాడిరక్టిన్ పురుగును అక్కడికక్కడే చంపదు. తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనీయదు, ఎదగనీయదు. అందుకే మొదటి పిచికారీ తర్వాత కొన్ని రోజులు పెద్ద మార్పేమీ కనిపించదు. చాలామంది సీసాను అక్కడే పక్కన పెట్టేస్తారు. వారం పది రోజుల ఎడంతో రెండోసారి, మూడోసారి కొట్టాకే కొత్త చిగుళ్లు ముడుచుకోకుండా విచ్చుకుంటాయి.

సీసా కొనేటప్పుడు అజాడిరక్టిన్ ఎన్ని పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు) ఉందో చూడాలి. 1500, 3000, 10000 పీపీఎంలలో దొరుకుతుంది, మోతాదు కూడా దాన్ని బట్టి మారుతుంది. నేను 1500 పీపీఎం రకాన్ని లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున వాడుతున్నాను. మామూలు ముడి నూనె నీటిలో కలవదు, పైన తెట్టెలా తేలుతుంది. ముందు కొద్దిగా ద్రవ సబ్బులో నూనెను బాగా కలిపి, ఆ తర్వాతే నీళ్లు పోయాలి. బట్టల సబ్బు పొడి మాత్రం వద్దు, ఆకులు మాడతాయి. కలిపిన మందు ఆ రోజే అయిపోవాలి, నిల్వ ఉంచితే పదును పోతుంది.

అసలు ఫలితమంతా ఎక్కడ కొడుతున్నామన్నదాని మీదే ఉంది. ఆకును తిప్పి చూడండి: నడిమి ఈనె వెంట, కాడ కణుపు దగ్గర దూది పింజల్లాంటి తెల్లని ముద్దలు ఉంటాయి. ముదిరిన పురుగుకు ఆ మైనపు పూతే కవచం, మందు దాని మీద నుంచి జారిపోతుంది. అప్పుడే పుట్టిన పిల్లలకు ఆ పూత ఉండదు, వేపనూనెకు లొంగేది అవే. కాబట్టి బాగా పట్టిన కొమ్మలను ముందు కత్తిరించి, మిగిలినవాటిని నీటి ధారతో కడిగి, ఆ తర్వాత ఆకుల అడుగున తడిసేలా కొడతాను. కాండం మీద చీమల బారు ఉంటే దాన్ని కూడా ఆపాలి. పురుగులు వదిలే తీపి బంక కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, శత్రు కీటకాలను దగ్గరకు రానీయవు.

పిండినల్లిలాగే తెల్లగా ఉండి, దానికన్నా పెద్దగా, చకచకా నడిచే పురుగు కనిపిస్తే దాన్ని వదిలేయండి. అది పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్ల. దాన్ని పొరపాటున నలిపేస్తుంటే చూసి నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

చెట్టు నుంచి వచ్చిందే కదా అని జాగ్రత్త మానకూడదు. కళ్లలో పడితే మండుతుంది, నీటి జీవులకు హాని చేస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా వేసుకుని, గాలికి ఎదురుగా నిలబడకుండా, తేనెటీగలు వెళ్లిపోయాక సాయంత్రం కొడతాను. మండే ఎండలో కొడితే ఆకుల అంచులు కాలతాయి. కొలత చెంచా వంటింటి వైపు రాకూడదు, మందును తాగునీటి సీసాలో పోయకూడదు.

పూసే మొక్కలకు ఇమిడాక్లోప్రిడ్ అనే రసాయన పురుగుమందు జోలికి నేను పోను. అది మొక్కంతా పాకి పుప్పొడికీ మకరందానికీ చేరుతుంది. తేనెటీగలకు ముప్పని యూరోపియన్ యూనియన్ 2018లో దాన్ని ఆరుబయట వాడకుండా నిషేధించింది.

ముదురు కాండానికి గట్టి పొలుసు పురుగు అంటుకుంటే మాత్రం వేపనూనెతో పెద్దగా ప్రయోజనం లేదు. అక్కడ మెత్తని బ్రష్‌తో గీకేయడమే మేలు.