మూడో ‘టక్’ వినపడే దాకా: మూడేళ్ల తర్వాత నా టార్క్ కన్వర్టర్

ఇంజన్ తిప్పుడును ఆయిల్ ద్వారా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు అందించే గుండ్రటి భాగమే టార్క్ కన్వర్టర్. నా ట్రక్కుకు ఈ కన్వర్టర్ బిగించి మూడేళ్లు దాటింది. ట్రక్కు 30 వేల కిలోమీటర్లకు పైగా తిరిగింది. జీఎం కంపెనీ పాత తరం 5.7 లీటర్ల స్మాల్ బ్లాక్ ఇంజన్ దించేసి, అదే కంపెనీ తర్వాతి తరం 5.3 లీటర్ల ఎల్‌ఎస్ రకం ఇంజన్ ఎక్కించాను. గేర్‌బాక్స్ మాత్రం పాత టర్బో 400 ఆటోమేటిక్‌నే ఉంచుకున్నాను, టార్క్ కన్వర్టర్ కొత్తది కొన్నాను. దాని స్టాల్ స్పీడు ఎంత, బరువెంత లాంటి వివరాలు డబ్బా మీదే ఉంటాయి, నేను మళ్లీ రాయను. నేను చెప్పాలనుకున్నది బోల్టులు వేసే ముందు కన్వర్టర్‌కూ ఇంజన్ వెనకున్న పలకకూ మధ్య ఉండాల్సిన 4 మిల్లీమీటర్ల ఖాళీ గురించి. అది దొరకడానికి నాకు రెండు వారాంతాలు పట్టింది.

ముందు నా కోపం చెప్తాను. వస్తువు చక్కగా ఉంది, ప్యాకింగ్ చక్కగా ఉంది, కానీ లోపల ఒక్క కాగితం లేదు. గేర్‌బాక్స్‌లో ఎంత లోతుకు దిగాలి, ఫ్లెక్స్‌ప్లేట్‌కు (ఇంజన్‌లో తిరిగే ఇరుసు క్రాంక్, దాని వెనక బిగించే పలుచని పలక ఇది; కన్వర్టర్‌ను దీనికే బోల్టులతో బిగిస్తారు) ఎంత దూరంలో ఆగాలి, బోల్టు ఎంత పొడవుండాలి, ఏదీ రాయలేదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా గేర్‌బాక్సో కన్వర్టరో పాడవుతుంది. మూడు వాక్యాలు అచ్చేసి పెడితే సరిపోయేది. మూడేళ్లయినా ఆ కోపం నాకు తగ్గలేదు.

కన్వర్టర్ ఎక్కించేటప్పుడు మూడు చోట్ల కుదురుకోవాలి. లోపల ఆయిల్ తోపుడుకు తిరిగే చక్రం, అంటే టర్బైన్, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ల మీద కూర్చోవాలి. ఆయిల్ దారి మళ్లించే చక్రం, అంటే స్టేటర్, తన స్థిరమైన గొట్టం మీద పళ్లలో పడాలి. చివరగా, మెడ కొసనున్న రెండు గాట్లు ఆయిల్ పంపు లోపలి గేరు చెవుల్లోకి దిగాలి. ఒక్కోటి కూర్చున్నప్పుడల్లా ‘టక్’మని చేతికి తెలుస్తుంది. నేను ముందుగా కన్వర్టర్‌లో ఒక లీటరు దాకా ఆయిల్ పోశాను, మెడకూ సీలుకూ ఆయిల్ రాశాను, గేర్‌బాక్స్ జాకీ మీద పడుకునుండగానే తోశాను. రెండు ‘టక్’లు స్పష్టంగా విన్నాను. మూడోది కూడా పడిందనే అనుకున్నాను.

ఎందుకలా అనుకున్నానంటే, బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందుండే, కన్వర్టర్‌ను కప్పే గంట ఆకారపు భాగం) చేత్తోనే మూసుకుంది. ఈ పని తెలిసినవాళ్లంతా చెప్పే గుర్తు అదే: బోల్టులతో లాగకుండా, చేత్తో తోస్తే డోవెల్ పిన్నుల (రెండూ సరిగ్గా కుదిరేలా ఉంచే మేకుల) మీదికి వచ్చి ఇంజన్ ముఖానికి అంటుకోవాలి. అలాగే అంటుకుంది. అంచు చుట్టూ టార్చి వేసి చూశాం, ఎక్కడా సందు లేదు. మా బావమరిది కింద పడుకుని చూసి, “బావా, కన్వర్టర్ కూడా ఫ్లెక్స్‌ప్లేట్‌ను ముట్టుకునే ఉంది. ముందుకు లాగే పని కూడా లేదు. బోల్టులు వేసేద్దామా?” అన్నాడు. వాడు మంచి వార్తలాగే చెప్పాడు. నాకు మాత్రం గుండె గుభేల్‌మంది.

ఎందుకంటే ముట్టుకోకూడదు. బెల్ హౌసింగ్ మూసుకున్నాక కన్వర్టర్ వెనక్కి ఉండాలి, వేలితో తిప్పితే తేలిగ్గా తిరగాలి. బోల్టులు వేసే ముందు దాన్ని 3 నుంచి 5 మిల్లీమీటర్లు ముందుకు లాగి ఫ్లెక్స్‌ప్లేట్‌కు ఆనించాలి. కింది మూత సందులోంచి చెయ్యి పెట్టి తిప్పబోయాను. కదల్లేదు. సందు కొలిచే ఫీలర్ గేజీలో అన్నిటికన్నా సన్నని రేకు కూడా మధ్యలో దూరలేదు. అలాగే బిగించి స్టార్ట్ చేసి ఉంటే కన్వర్టర్ మెడ పంపు గేరును మొదటి నిమిషంలోనే పిండి చేసేది. లోహపు పొడి ఆయిల్‌తో పాటు గేర్లు మార్చే వాల్వ్ బాడీకీ, కూలర్ గొట్టాల్లోకీ చేరేది. అటువైపు ఇంజన్ క్రాంక్‌ను ముందూ వెనకా జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగు మీద కూడా తోపుడు పడేది.

అంతా దించేశాం. ఈసారి గేర్‌బాక్స్‌ను తోక కిందికి, నోరు పైకి వచ్చేలా నిలబెట్టాను. కన్వర్టర్‌ను బలంగా అదమకుండా రెండు చేతులతో అటూ ఇటూ తిప్పుతూ పోయాను. కాసేపటికి ‘టక్’మంటూ ఒక్కసారిగా 13, 14 మిల్లీమీటర్లు లోపలికి జారింది. ప్రాణం లేచొచ్చింది.

కానీ అక్కడితో అయిపోలేదు. ఈసారి ఊహతో కాకుండా కొలిచి ముందుకెళ్దామని, బెల్ హౌసింగ్ అంచుకు అడ్డంగా స్కేలు పెట్టి అక్కడి నుంచి కన్వర్టర్ బోల్టు దిమ్మలు ఎంత లోపలున్నాయో కొలిచాను. ఇంజన్ ముఖం నుంచి ఫ్లెక్స్‌ప్లేట్ ఎంత బయటికి వచ్చిందో అదీ కొలిచాను. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేదే ఖాళీ. నాకు 14 మిల్లీమీటర్లు వచ్చింది. ఇందాకేమో సున్నా, ఇప్పుడేమో 14. ఉండాల్సింది 3 నుంచి 5.

కారణం ఇంజన్‌లో ఉంది. పాత స్మాల్ బ్లాక్‌తో పోలిస్తే ఎల్‌ఎస్ ఇంజన్ల క్రాంక్ వెనక అంచు 0.4 అంగుళం, అంటే సుమారు 10 మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. నా గేర్‌బాక్స్ పాత కొలతకు చేసింది. ఫ్లెక్స్‌ప్లేట్ ఆ మేరకు గేర్‌బాక్స్‌కు దూరంగా, ఇంజన్ వైపు జరిగింది. మొదటిసారి బెల్ హౌసింగ్ ఎందుకు మూసుకుందో అప్పుడు అర్థమైంది: పంపులోకి పూర్తిగా దిగని కన్వర్టర్ బయటికి పొడుచుకొచ్చింది, క్రాంక్ దగ్గర ఎక్కువైన ఖాళీ దాన్ని మింగేసింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. పాత ఇంజనే ఉండి ఉంటే కన్వర్టర్ అడ్డుపడి బెల్ హౌసింగ్ మూసుకునేదే కాదు, అక్కడే పట్టుకునేవాణ్ని. ఇంజన్ మారిస్తే ‘చేత్తో మూసుకుంది కదా’ అన్న గుర్తును నమ్మొద్దని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

“వాషర్లు పేర్చేద్దాం బావా” అన్నాడు వాడు. ఒకటి, రెండు మిల్లీమీటర్ల తేడాకైతే సరైన మందం వాషర్లు వేయొచ్చు. 10కి కుదరదు. అంత దూరం ఉంటే కన్వర్టర్ ముక్కు క్రాంక్ మధ్యలోని గుంటలోకి చేరదు, సరిగ్గా నడిమధ్యన నిలవదు. పోనీ అని బోల్టులతో ముందుకు లాగితే మెడ పంపు చెవుల్లోంచి సగం బయటికి వస్తుంది, ఫ్లెక్స్‌ప్లేట్ వంగుతుంది. దీనికి సరైన వైద్యం క్రాంక్ స్పేసరు (క్రాంక్ అంచు దగ్గర తక్కువైన దూరాన్ని పూడ్చే మందపాటి బిళ్ల), దానికి తగిన పొడవు బోల్టులు. అవి తెప్పించి వేశాక ఖాళీ సరిగ్గా 4 మిల్లీమీటర్లు తేలింది. వేలితో తిప్పితే కన్వర్టర్ గిరగిరా తిరిగింది, లోపల ఆయిల్ గుల్లుమన్న శబ్దం వినపడింది. ముందుకు లాగితే నాలుగు వేళ్లకే వచ్చి ఫ్లెక్స్‌ప్లేట్ మీద సమంగా ఆనింది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఒక విషయం మర్చిపోకముందే రాస్తాను. అన్ని ఎల్‌ఎస్ రకాలకూ స్పేసరు అక్కర్లేదు. 1999, 2000 నాటి ఇనుప హెడ్ల 6.0 లీటర్ల ఇంజన్లలో పొడవైన అంచున్న క్రాంక్ వచ్చింది. పేరు చూసి వస్తువులు కొనేయకుండా స్కేలు పెట్టి కొలవండి. కన్వర్టర్ బోల్టులు కూడా అంతే: మరీ పొడవైతే కొన కన్వర్టర్ ముందు పలకకు గుద్దుకుని సొట్ట పెడుతుంది.

ఇక నడక. మొదటి ఆరు నెలలు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఈ కన్వర్టర్‌ను పొగిడాను. గేరు వేస్తే కుదుపు లేదు, లోడుతో నిలబడి బయలుదేరినా మెత్తగా లాగుతుంది, వణుకు లేదు. ఇప్పటికీ అదే మాట, కానీ కొంచెం తగ్గించి చెప్పాలి. ఏడాది తిరక్కముందే బెల్ హౌసింగ్ కింద ఎర్రటి చుక్క కనపడింది. దించి చూస్తే కన్వర్టర్ మెడ చుట్టూ ఉండే గేర్‌బాక్స్ ముందు సీలు పెదవి ఒకచోట చీలి ఉంది. మొదటిసారి మెడ సగం దిగి వంకరగా వేలాడినప్పుడు కోసుకుపోయి ఉంటుందని నా అనుమానం. కన్వర్టర్ మెడ నున్నగానే ఉంది, దాని తప్పు ఏమీ కనపడలేదు. సీలు మార్చాక మళ్లీ చుక్క పడలేదు. అదే పనిలో ఫ్లెక్స్‌ప్లేట్ బోల్టు రంధ్రాల చుట్టూ టార్చి వేసి వెతికాను, బీట ఒక్కటీ లేదు.

రెండోది వేడి. టర్బో 400లో కన్వర్టర్‌కు లాకప్ (జారుడు లేకుండా ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ ఒకటిగా పట్టే క్లచ్చు) లేదు, పై గేరు నిష్పత్తి 1:1. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు కన్వర్టర్‌లో జారుడంతా వేడిగా మారి ఆయిల్‌లోకి వెళ్తుంది. మొదటి వేసవిలో గేర్‌బాక్స్ ఆయిల్ వేడి చూసి టెన్షన్ పడి విడిగా కూలర్ పెట్టించాను. ఆ తర్వాత ఫర్వాలేదు. కానీ ‘కన్వర్టర్ ఒక్కటి మారిస్తే చాలు’ అని మొదట్లో నేను చెప్పిన మాట తప్పు, కూలర్‌తో కలిపి లెక్కేసుకోవాలి.

మళ్లీ కొంటానా అంటే, నా ట్రక్కుకైతే కొంటాను. నాది వారానికి రెండు మూడు ట్రిప్పుల వాడకం, వేగం తక్కువ, బరువు ఎక్కువ, పాత గేర్‌బాక్స్ మీద మమకారం ఉంది, గ్యారేజీలో దించి ఎక్కించే తీరిక ఉంది. రోజూ వందల కిలోమీటర్లు హైవే మీద తిరిగేవాళ్లకు నేను దీన్ని సిఫారసు చేయలేను. వాళ్లకు ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజన్ తక్కువ తిరిగేలా చేసే పై గేరు), లాకప్ ఉన్న గేర్‌బాక్సే మేలనిపిస్తుంది. మెకానిక్‌కు అప్పగించేవాళ్లయితే బోల్టులు వేసే ముందు ఖాళీ ఎంత వచ్చిందో అంకె అడగండి. నా కొలతలు రెండూ గేర్‌బాక్స్ పక్కన రంగుపెన్నుతో రాసి పెట్టాను. సీలు మార్చిన రోజు మా బావమరిది వాటిని చదివి, నేను చెప్పకుండానే స్కేలు తెచ్చి కొలిచాడు. మళ్లీ 4 మిల్లీమీటర్లే వచ్చింది.