నాటకాల టూర్లకు లోడింగ్ యాప్: చాలా కాలం వాడాక నా అభిప్రాయం

నాటకాలకు లైట్లు, సౌండ్, సెట్ సామాను పంపించడం నా పని. హైదరాబాద్ రవీంద్రభారతి, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం, రాజమండ్రి ఆనం కళాకేంద్రం, విశాఖ కళాభారతి... హాలు మారుతుంది గానీ సామాను అదే, డీసీఎం (మధ్యరకం సరుకు బండి) అదే. ఎక్కించే ప్లాన్ ఫోన్‌లోనే వేసుకోవడం నాకిప్పుడు అలవాటైపోయింది.

ఈ యాప్‌లన్నీ దాదాపు ఒకే తీరు. బండి లోపలి కొలతలు, ఒక్కో పెట్టె కొలతలు, బరువు ఇస్తే త్రీడీ బొమ్మలో పేర్చి చూపిస్తాయి. దేనిమీద బరువు పెట్టకూడదో కూడా చెప్పుకోవచ్చు. యాప్ తనంతట తానే పేర్చేసే ఆటో బటన్ మాత్రం నేను ముట్టుకోను. ఖాళీ మిగలకుండా నింపడమే దాని ధ్యాస. కేబుల్ ట్రంకు తీసుకెళ్లి క్యాబిన్ పక్కన పెట్టేస్తుంది. హాల్లో ముందు పైకెక్కేవి లైట్లు, కేబుళ్లు, తెరలు. సెట్ ముక్కలు ముందు దిగితే స్టేజీ నిండిపోతుంది, నిచ్చెన వేయడానికి చోటుండదు. అందుకే వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ, చివర్లో దిగేవి లోపలికి, ముందు దిగేవి తలుపు దగ్గరికి పెడతాను. ఈ ఒక్క పనికే యాప్ డబ్బులు గిట్టుబాటయ్యాయి.

కొలతల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఫ్లైట్ కేసు (సామాను దెబ్బతినకుండా పెట్టే గట్టి చక్రాల పెట్టె) ఎత్తులో చక్రాలు, వెడల్పులో పక్కకి పొడుచుకొచ్చిన కొక్కేలు కూడా కలపాలి. పదిహేడు అడుగుల బండి అన్నా, బాడీ కట్టినవాళ్లను బట్టి లోపల తేడా వస్తుంది. పైగా కంటైనర్ బాడీలో వెనక తలుపు చట్రం లోపలి కప్పు కన్నా కిందికి ఉంటుంది. బొమ్మలో చక్కగా ఇమిడిన డిమ్మర్ ర్యాకు (లైట్ల వెలుగు పెంచి తగ్గించే యంత్రాల బీరువా) తలుపులోంచి అసలు దూరకపోవచ్చు. నేను తలుపు ఎత్తునే బండి ఎత్తుగా రాస్తాను.

బొంగులకు చుట్టిన రంగుల తెరలంటే మాత్రం యాప్ చేతులెత్తేస్తుంది. దానికి తెలిసింది పెట్టెలే. బండి కన్నా కాస్త పొడవున్న బొంగు ఐమూలగా పెడితే పడుతుంది, ఆ సంగతి హమాలీ మేస్త్రీకి తెలుసు, యాప్‌కి తెలియదు. తెరలకు పైన చోటు వదిలేసి మిగతాది ప్లాన్ చేస్తాను.

సామాను ఎక్కువై 32 అడుగుల కంటైనర్ మాట్లాడినప్పుడు బరువు లెక్క బాగా అక్కరకొచ్చింది. 2018లో పెంచిన పరిమితి ప్రకారం రెండు ఇరుసుల లారీ, బండి బరువుతో కలిపి 18.5 టన్నులు దాటకూడదు. ఆంపులు (సౌండ్ పెంచే యాంప్లిఫయర్లు), డిమ్మర్లు లాంటి బరువైనవి తలుపువైపు చేరితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికైపోతుంది. బరువు అలా ఒకవైపు చేరిందని యాప్‌లో ఎర్ర రంగు కనిపించగానే సర్దేస్తాను.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే సామాను విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) కావాలి. యాప్‌లోని జాబితా చూసి బండితో పంపే సామాను చలానా రాస్తే ఒక్క వస్తువూ తప్పిపోదు.

హాలు వెనక సిగ్నల్ ఉండదు, నెట్ లేకపోతే నేను వాడే యాప్ తెరుచుకోదు. ముందురోజే స్క్రీన్‌షాట్లు తీసి మేస్త్రీకి వాట్సాప్‌లో పంపేయండి. పెట్టెల మీద పెద్ద అంకెలు రాసి, అవే అంకెలు ప్లాన్‌లోనూ పెట్టండి. ఒక్క డీసీఎంలో సగం సామానుతో తిరిగేవాళ్లకు ఇది అక్కర్లేదు. బండి నిండేవాళ్లు తప్పకుండా తీసుకోండి.